పద్నాలుగు దేశాలు చూశాం, ఇంట్లో ఒక్క ఆదివారం లేదు

ప్రశ్న:

మేడమ్, నమస్తే. మాది తెనాలి, మావారిది కొత్తగూడెం. ఇద్దరం మ్యూనిక్‌లో ఉంటున్నాం. ఆయన బ్లూ కార్డ్ (పెద్ద చదువులతో ఉద్యోగానికి వచ్చేవాళ్ళకి ఇచ్చే నివాస అనుమతి) మీద వచ్చి రెండున్నరేళ్ళయింది. నేనూ ఆయన వెంటే వచ్చాను. హైదరాబాద్‌లో ఫార్మా కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేసేదాన్ని. ఇక్కడ జర్మన్ భాష బీ1 అనే మధ్య స్థాయి దాకా చదివి ఎనిమిది నెలల కిందట ఒక ల్యాబ్‌లో ఉద్యోగం తెచ్చుకున్నాను. ఏడాదికి 28 రోజుల సెలవు. ఆయన ఆఫీసులో అంతా ఇంగ్లీషే, అందుకని భాష జోలికి పోలేదు.

మా గొడవంతా ప్రయాణాల గురించే. దాదాపు ప్రతి శని ఆదివారం ఎక్కడికో ఒకచోటికి వెళ్ళాల్సిందే. శుక్రవారం ల్యాబ్ నుంచి వచ్చి బ్యాగులు సర్దాలి, పులిహోర కలపాలి, చపాతీలు చేయాలి. ఆదివారం అర్ధరాత్రి ఇల్లు చేరితే సోమవారం పొద్దున్నే మళ్ళీ ల్యాబ్. ఇప్పటికి పద్నాలుగు దేశాలు చూశాం. ప్రాగ్‌లో చూసిన వంతెన ఏదో, బుడాపెస్ట్‌లో చూసింది ఏదో నాకు కలిసిపోయాయి. మొన్న సెలవు పెట్టి స్విట్జర్లాండ్‌లోని ఇంటర్లాకెన్ వెళ్తే జ్వరంతో రెండు రోజులు హోటల్ గదిలో పడుకున్నాను. ఆయనొక్కరే కొండెక్కి వచ్చారు. ఇండియాకి మాత్రం ఇన్నాళ్ళలో ఒక్కసారే, అదీ పది రోజులు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. నాకు ఇంటికెళ్ళాలని ఉంది. ఆయనేమో వచ్చే ఏడాదికి లండన్, పోర్చుగల్ అంటున్నారు. "ఎన్నాళ్ళుంటామో తెలీదు, ఉన్నప్పుడే చూసేయాలి" అంటారు. వాట్సాప్ స్టేటస్ చూసి చుట్టాలు "మీకేంటే, హాయిగా తిరుగుతున్నారు" అంటుంటే ఏడుపొస్తుంది. మా మామగారు సింగరేణిలో చేసేవారు. రిటైరయ్యాక కాశీ వెళ్దాం అనుకుంటూ వెళ్ళకుండానే పోయారు. అందుకే ఈయనకింత తొందర అంటారు అత్తయ్య. తప్పు నాదేనా?

— ఒక సోదరి, మ్యూనిక్

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీవారి మీద కోపం వచ్చింది. జ్వరంతో ఉన్న మనిషిని గదిలో వదిలి కొండెక్కడమేంటి అనిపించింది. రెండోసారి చదువుతూ మీ మామగారి కాశీ దగ్గర ఆగిపోయాను. మీరు దాన్ని చివర్లో, వెళ్తూ వెళ్తూ చెప్పినట్టు రాశారు గానీ, మీ ఇంట్లో జరుగుతున్నదంతా అక్కడి నుంచే మొదలైందని నాకనిపిస్తోంది. ఏళ్ళ తరబడి డ్యూటీలు చేసి, అన్నీ రిటైరయ్యాక చూద్దాంలే అని దాచుకున్న తండ్రి ఏదీ చూడకుండానే పోతే, ఆ కొడుక్కి "తర్వాత" అన్న మాట మీద నమ్మకం పోతుంది. మీవారు శుక్రవారం సాయంత్రం బ్యాగు తీసేది ఆ భయంతోనే.

తప్పు మీది కాదు. అలాగని ఆయన్ని దోషిగా నిలబెట్టడమూ నాకిష్టం లేదు. ఆయన తొందరకి రెండు కారణాలున్నాయి. ఒకటి వాళ్ళ నాన్నగారు, రెండోది "ఎన్నాళ్ళుంటామో తెలీదు" అన్న మాట. మొదటిదాని గురించి తర్వాత చెప్తాను. రెండోదానికి మాత్రం కాగితాల మీదే పరిష్కారం ఉంది, అది మీకు చేతికందే దూరంలోనే ఉంది.

బ్లూ కార్డ్ మీద ఉన్నవాళ్ళకి జర్మన్ ఏ1, అంటే మొట్టమొదటి స్థాయిలో వస్తే 27 నెలలకి, బీ1 వస్తే 21 నెలలకి మనవాళ్ళు పీఆర్ అని పిలుచుకునే శాశ్వత నివాస అనుమతి అడిగే వీలుంది. ఆ నెలలన్నిటికీ పెన్షన్ కట్టి ఉండాలి. ఇల్లు, ఆదాయం లాంటి మిగతా షరతులుంటాయి, అవి మీ ఊరి విదేశీయుల కార్యాలయంలో అడిగి చూసుకోండి. మీవారికి ముప్పై నెలలు నిండాయి. అంటే ఆయనకి అడ్డంగా ఉన్నది బహుశా ఏ1 ఒక్కటే. మీరు బీ1 దాకా చదివిన మనిషి, ఏ1 అంటే ఎంతో మీకు తెలుసు. రెండు మూడు నెలలు సాయంత్రాలు కూర్చుంటే అయిపోతుంది. పద్నాలుగు దేశాలకి టికెట్లు వెతికిన ఓపికలో కాస్త ఇటు పెడితే చాలు. ఉద్యోగంతో ముడిపడిన వీసా మీద ఉన్నంత కాలం, కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారన్న పుకారు వచ్చినప్పుడల్లా "ఈలోగా చూసేయాలి" అనే అనిపిస్తుంది. శాశ్వత అనుమతి చేతికొచ్చాక పోర్చుగల్ వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది, మీరూ ఇక్కడే ఉంటారు. మీకు విడిగా ఎప్పుడు వస్తుందో కూడా అదే రోజు అడగండి. మీరిప్పుడు ఉద్యోగంలో ఉన్నారు, భాష వచ్చు. భార్య లెక్కలోనే ఉండిపోవాల్సిన పని లేదు.

ఇక మీ శుక్రవారాల సంగతి. బయట దేశం వెళ్ళని వాళ్ళకి ఈ బాధ అర్థం కాదు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఇది మీవారికి కూడా చదివి వినిపించండి.

తెనాలిలో ఆదివారం ఊరెళ్ళొచ్చినా సోమవారం పొద్దున ఏడింటికే వీధి చివర పాలు, కూరగాయలు దొరుకుతాయి. మీ మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రంలో ఆదివారం దుకాణాలు మూసేస్తారు. మిగతా రోజుల్లోనూ రాత్రి ఎనిమిదికి కట్టేస్తారు. రైల్వే స్టేషన్‌లోనో విమానాశ్రయంలోనో ఉన్న కొట్లు తప్ప దాదాపు ఇంకేవీ తెరిచి ఉండవు. అంటే ఉద్యోగం చేసే ఇద్దరికి సంసారం చక్కబెట్టుకోవడానికి ఉన్నది శనివారం ఒక్కటే. బియ్యం, పప్పు, కూరగాయలు, కరివేపాకు కోసం స్టేషన్ దగ్గరున్న ఇండియన్ షాపు, వాషింగ్ మెషీన్, ఇల్లు తుడవడం, అమ్మకి ఫోన్, అన్నీ ఆ రోజే. ఆదివారం పెద్ద చప్పుడయ్యే పనులు పెట్టుకుంటే పక్కింటివాళ్ళు ఊరుకోరు. ఆ శనివారాన్ని కాస్తా ప్రయాణం మింగేస్తే ఆ పనులెక్కడికీ పోవు. వారం మధ్యలో రాత్రి పదింటికి మీ చేతుల్లోకి వచ్చి పడతాయి. మీ ఉత్తరంలో బ్యాగులు సర్దేది మీరే, పులిహోర మీదే, చపాతీలు మీవే. టికెట్లు, హోటళ్ళు ఆయన చూస్తారు కాబట్టి తను ఎంతో కష్టపడి ఏర్పాటు చేస్తున్నానని ఆయన అనుకుంటూ ఉంటారు, అది నిజమే. కానీ మీ కష్టం ఆయన ఫోన్‌లో ఎక్కడా కనబడదు. కనబడేలా చేయాల్సింది మీరే. ఒక్క వారం, ఒకే ఒక్క వారం, ప్రయాణానికి ముందు వెనక ఏం చేశారో గంటలతో సహా కాగితం మీద రాసి ఆయన ముందు పెట్టండి. నింద వేస్తున్నట్టు కాకుండా ల్యాబ్‌లో రిపోర్ట్ రాసినట్టు రాయండి.

నా మాట వింటే, నెలకి రెండు శని ఆదివారాలు ఇంటికి రాసిచ్చేయండి. ఆ రెండింట్లో ఏ రైలూ ఎక్కకండి. ఒకటి పనులకి, ఇంకొకటి అచ్చంగా ఏమీ చేయకుండా ఉండడానికి. ఈజర్ నది ఒడ్డున గులకరాళ్ళ మీద కూర్చుని ఇద్దరూ ఫ్లాస్కులో టీ తాగండి, అది కూడా మీరున్న ఊరు చూడడమే. పద్నాలుగు దేశాలు చూసిన వాళ్ళు మ్యూనిక్‌ని ఎన్ని సాయంత్రాలు చూశారో ఒకసారి లెక్కపెట్టుకోండి. మిగతా రెండు వారాంతాల్లో ఒకటి దగ్గర ఊరికి, ఒకటి దూరానికి.

ఇప్పుడు సెలవుల లెక్క. విదేశంలో ఉద్యోగం చేసే జంటకి జీతం కంటే ముందు మాట్లాడుకోవాల్సింది సెలవు రోజుల గురించే అని నా గట్టి అభిప్రాయం. ఖర్చయిన డబ్బు వచ్చే నెల మళ్ళీ వస్తుంది, సెలవు మళ్ళీ జనవరి దాకా రాదు. మీ ఇంట్లో డబ్బు ఇద్దరూ కలిసి ఖర్చు పెడుతున్నారు, సెలవులు మాత్రం ఒక్కరే ఖర్చు పెడుతున్నారు. అసలు గొడవ అది.

జర్మనీ చట్టం వారానికి అయిదు రోజులు పనిచేసేవాళ్ళకి ఏడాదికి కనీసం 20 రోజుల సెలవు ఇవ్వాలంటుంది. చాలా కంపెనీలు మీకిచ్చినట్టు 28 గానీ, 30 గానీ ఇస్తాయి. మ్యూనిక్‌లో వీటికి తోడు 13 పండుగ సెలవులు, బెర్లిన్‌లో ఉన్నవాళ్ళకి 10 మాత్రమే. ఆ పదమూడింటిని ఎక్కడ ఎలా కలపాలో తెలుసుకోవడంలోనే ఉంది కిటుకంతా. ఈస్టర్ చూడండి. ముందు శుక్రవారం, తర్వాత సోమవారం సెలవులు. ఆ శుక్రవారానికి ముందు నాలుగు రోజులు, సోమవారం తర్వాత నాలుగు రోజులు సెలవు పెడితే, మీ ఖాతాలో పోయేది 8 రోజులు, చేతికొచ్చేది 16 రోజులు. ఇంకొక వారం ముందు నుంచే బయల్దేరితే 13 రోజుల సెలవుకి 23 రోజులు వస్తాయి. ఇరవై మూడు రోజులంటే ఇంటికి వెళ్ళి, జెట్‌లాగ్ తీరి, అమ్మ చేతి వంట తిని, నాన్నని డాక్టరుకి చూపించి, ఇంకా నాలుగు రోజులు మిగిలే ప్రయాణం. పది రోజుల్లో వెళ్ళొచ్చినప్పుడు చుట్టాలిళ్ళ చుట్టూ తిరగడమే సరిపోయి ఉంటుంది, అది ఇంటికి వెళ్ళినట్టు కాదు. ఎండలు పూర్తిగా ముదరకముందే వెళ్ళొచ్చేస్తారు. పైగా చాలా ఏళ్ళు శ్రీరామనవమి ఆ చుట్టుపక్కలే వస్తుంది, మీ అత్తగారి ఊరి నుంచి భద్రాచలం నలభై కిలోమీటర్లే. ఒక చిక్కుంది. అదే సమయంలో బవేరియా బడులకి సెలవులు, విమానం టికెట్ ధర పెరుగుతుంది. అందుకని శరదృతువులోనే కొనేయండి.

సంక్రాంతికే వెళ్ళాలనుంటే అదీ కుదురుతుంది. డిసెంబరు 25, 26, జనవరి 1, 6 నాలుగూ మీకు సెలవులే. చాలామంది గమనించని సంగతేమిటంటే, డిసెంబరులో పెట్టిన రోజులు పాత ఏడాది ఖాతాలోంచి పోతాయి, జనవరిలో పెట్టినవి కొత్త ఏడాది ఖాతాలోంచి. ఒక్క ప్రయాణానికి రెండేళ్ళ సెలవులు పంచుకుంటాయన్నమాట. కంపెనీ ఒప్పుకుంటే మిగిలిన పాత సెలవుల్ని మార్చి 31 దాకా వాడుకోవచ్చు కూడా. ల్యాబ్‌లో కొత్తగా చేరాను, మూడు వారాలు ఎలా అడగను అనుకుంటున్నారేమో. చట్టమే ఏడాదిలో ఒక విడతైనా వరసగా రెండు వారాలు ఇవ్వాలంటుంది. మీ ఆరు నెలల ప్రొబేషన్ కూడా అయిపోయి ఉంటుంది. పిల్లలున్న సహోద్యోగులు బడి సెలవుల రోజులు ముందే అడిగేస్తారు కాబట్టి మీరు వాళ్ళకంటే ముందు అడగండి, అంతే.

మీ 28 రోజుల్ని నేనైతే ఇలా పంచుతాను. ఇంటికి 13. మీవారు కోరుకున్న ఒక పెద్ద ప్రయాణానికి 5, అది పోర్చుగల్ అయితే పోర్చుగలే, వారమంతా ఒకే దేశం, ఒకటి రెండు ఊళ్ళు మించకుండా. అమ్మానాన్నలు వస్తే వాళ్ళతో గడపడానికి 3. మనసు బాగోక ఊరికే ఇంట్లో ఉండడానికి 3. ఇంక మిగిలిన 4 రోజులు ఎవ్వరూ ముట్టుకోకూడదు.

ఆ నాలుగు రోజుల గురించి నా కథ చెప్పాలి. మేమిద్దరం తొమ్మిదేళ్ళు స్టుట్‌గార్ట్ పక్కన ఒక చిన్న ఊళ్ళో ఉన్నాం. మా నాన్నగారు పోయింది ఒక ఆగస్టులో. ఆ ఏడాది నా సెలవులన్నీ జూలైకే అయిపోయాయి. మావారి పాస్‌పోర్టు ఏదో వీసా కోసం ఇచ్చి ఉంది, వెంటనే రాలేదు. నేనొక్కదాన్నే అర్ధరాత్రి టికెట్ కొనుక్కుని బయల్దేరాను. ఆఫీసువాళ్ళు రెండు రోజులు ప్రత్యేక సెలవు, ఒక వారం జీతం లేని సెలవు ఇచ్చారు. అంతకు మించి కుదరదన్నారు. తొమ్మిదో రోజున తిరిగొచ్చేశాను. పెద్దకర్మ నాడు ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో చూశాను. అమ్మ నా వైపు, అంటే ఆ ఫోన్ వైపు, ఒక్కసారి కూడా చూడలేదు. ఇది జరిగి చాలా ఏళ్ళయినా ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

అందుకని చెప్తున్నాను, నాలుగు రోజులు, ఇద్దరికి అప్పటికప్పుడు టికెట్ కొనే డబ్బు, రెండు పాస్‌పోర్టులు, గడువున్న రెండు రెసిడెన్స్ కార్డులు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. డిసెంబరు దాకా అవసరం రాకపోతే ఆ నాలుగు రోజులు హాయిగా వాడుకోండి. లండన్ గురించి కూడా ఇందుకే ఆలోచించమంటాను. జర్మనీ కార్డుతో షెంగెన్ దేశాలన్నీ, అంటే ఒకే వీసా ఒప్పందంలో ఉన్న యూరప్ దేశాలన్నీ, 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు గానీ బ్రిటన్ అందులో లేదు. వేరే వీసా, వేరే ఫీజు, అది వచ్చేదాకా పాస్‌పోర్టు మన చేతిలో ఉండకపోవచ్చు. నాన్నగారి ఆరోగ్యం కుదుటపడే దాకా అది వాయిదా వేయొచ్చని నా ఉద్దేశం.

ఇంటర్లాకెన్ జ్వరం గురించి రెండు మాటలు, ఇవి మీకు పనికొస్తాయి. సెలవులో ఉండగా జబ్బుపడి డాక్టరు సర్టిఫికెట్ తీసుకుంటే జర్మనీలో ఆ రోజుల్ని సెలవు కింద లెక్కవేయకూడదు. విదేశంలో ఉన్నా అంతే, వెంటనే ఆఫీసుకి తెలియజేయాలి. అంటే ఆ రెండు రోజులు మీకు తిరిగి వచ్చి ఉండేవి. రెండోది ఇంకా ముఖ్యం. మీ ఆరోగ్య బీమా కార్డు వెనక వైపున్న యూరప్ కార్డు చాలా దేశాల్లో పనిచేస్తుంది గానీ, యూరప్ పౌరులు కాని మనలాంటివాళ్ళకి స్విట్జర్లాండ్, డెన్మార్క్, నార్వే, ఐస్‌లాండ్, లీక్టెన్‌స్టైన్‌లలో అది చెల్లదు. జర్మన్ సహోద్యోగికి చెల్లుతుంది కదా అని మనకీ చెల్లుతుందనుకుంటారు చాలామంది. అక్కడ ఆసుపత్రి ఖర్చు చిన్నది కాదు. ఏడాది పొడుగునా పనిచేసే ప్రయాణ బీమా ఒకటి తీసుకోండి, దానికయ్యేది ఒక హోటల్ రాత్రి ఖర్చు కంటే తక్కువే. ఇంకో మాట, ఇది మీవారికి. భార్యకి జ్వరమొస్తే కొండ రేపు కూడా అక్కడే ఉంటుంది నాయనా. ఆమె పక్కన కూర్చోవాలి.

అమ్మానాన్నల్ని మీ దగ్గరికి రప్పించుకోవడం గురించి మీరు రాయలేదు. మోకాళ్ళ నొప్పులని మీరే వద్దనుకున్నారేమో. ఒకసారి ఆలోచించండి. షెంగెన్ సందర్శక వీసాతో 90 రోజులు ఉండొచ్చు. ఖర్చులు మేం భరిస్తామని మీరు విదేశీయుల కార్యాలయంలో హామీపత్రం తీసుకోవాలి, ఫీజు 29 యూరోలు. దాన్ని వాళ్ళకి కొరియర్ చేయాలి, ఒరిజినలే కావాలి. వీసా ఫీజు మనిషికి 90 యూరోలు, కనీసం 30,000 యూరోలకి వర్తించే ప్రయాణ వైద్య బీమా ఉండాలి. మ్యూనిక్‌లో హామీపత్రానికీ హైదరాబాద్‌లో వీసా అపాయింట్‌మెంట్‌కీ సమయం పడుతుంది కాబట్టి నాలుగు నెలల ముందు నుంచే కదలండి. మే నుంచి సెప్టెంబరు లోపు రమ్మనండి, చలికాలం వద్దు. నాలుగింటికే చీకటి పడే ఊళ్ళో మీరిద్దరూ ఆఫీసుకెళ్ళాక నాలుగ్గోడల మధ్య వాళ్ళకి ఏడుపొస్తుంది. విమానాశ్రయంలో వీల్‌చైర్ టికెట్‌తో పాటే అడిగి పెట్టుకోండి, నాన్నగారు మొహమాటపడినా సరే. ముందు నెల రోజులకే పిలవండి. మొదటి వారంలోనే దగ్గరున్న పార్కుకి దారి, తిరిగొచ్చే దారి, ట్రామ్ నంబరు రాసిచ్చి ఇద్దర్నీ ఒకసారి ఒంటరిగా పంపండి. తమంతట తాము వెళ్ళొచ్చామన్న ధైర్యం వస్తే మీరు ల్యాబ్‌లో ప్రశాంతంగా ఉంటారు. తర్వాతి విడత మీ అత్తగారిని.

చుట్టాల మాటలకి ఎక్కువ చెప్పను. స్టేటస్‌లో కొండలే కనబడితే వాళ్ళు కొండలే చూస్తారు. అమ్మకి మాత్రం కొండ మీంచి ఫోన్ చేయకండి. ఇంట్లో ఉల్లిపాయలు తరుగుతూ చేయండి. ఆమెకి కావలసింది ఆ చప్పుడు.

ప్రయాణాలు మానేయమని నేననను, మీరూ అనకండి. రెండున్నరేళ్ళుగా మీరు వద్దని అనలేదు, ఇక్కడికి వెళ్దామని ఒక్క ఊరి పేరూ చెప్పినట్టు లేదు. ఆయన అడుగుతారు, మీరు ఊ అంటారు, లోపల్లోపల అలిసిపోతారు. ఈసారి ఊరి పేరు మీరు చెప్పండి. దూరం అక్కర్లేదు. మీ దగ్గర డాయిచ్‌లాండ్ టికెట్ ఉండే ఉంటుంది. 2023 మేలో 49 యూరోలతో మొదలై 2026 జనవరికి 63 అయింది, అయినా నెలంతా దేశంలోని లోకల్, రీజినల్ రైళ్ళన్నిటికీ అదే టికెట్. సరిహద్దు దాటి సాల్జ్‌బర్గ్ దాకా కూడా చెల్లుతుంది. రేగెన్స్‌బర్గ్ వెళ్ళండి, డాన్యూబ్ మీద పన్నెండో శతాబ్దపు రాతి వంతెన ఉంది. దాన్ని నడిచి దాటి, అవతలి ఒడ్డున ఒక గంట కూర్చుని రండి. ఆ ఒక్క వంతెనైనా ఇంకో వంతెనతో కలిసిపోదు.

నాకు బాగా ఇష్టమైనది మాత్రం కోనిగ్‌సీ సరస్సు. బెర్ష్‌టెస్‌గాడెన్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. ఆ సరస్సులో 1909 నుంచి కరెంటు పడవలే నడుస్తున్నాయి, ఇంజిను రొద ఉండదు. రెండు పక్కలా నీళ్ళలోకి నిలువుగా దిగిన కొండలు. పడవ మధ్యలో ఆపి పడవవాడు ట్రంపెట్ తీసి కొండకేసి నాలుగు స్వరాలు ఊదుతాడు. ఆ నాలుగూ కొండ తిరిగి పలుకుతుంది. నేను మొదటిసారి విన్నప్పుడు పాపికొండల మధ్య లాంచీలో వెళ్తూ నాన్నగారు నా పేరు గట్టిగా పిలిచి, విను విను అనడం గుర్తొచ్చింది. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. మీవారు గోదావరి దగ్గరివాళ్ళే, ఆయనకీ ఏదో గుర్తొస్తుంది. వీలైనంత పొద్దున్నే పడవెక్కండి, ఆలస్యమైతే జనం. ఎర్రటి గుమ్మటాల చిన్న చర్చి దగ్గర దిగి, ఇంకెక్కడికీ పరుగెత్తకుండా గట్టున కూర్చుని తెచ్చుకున్నది తినండి. ఆ రోజు ఫోటోలు పదికి మించకూడదని ముందే ఒప్పందం చేసుకోండి.

ఇప్పుడు కాశీ. ఇరవై మూడు రోజుల్లో నాలుగు మిగులుతాయన్నాను కదా. తెనాలిలో మీ వాళ్ళతో ఒక వారం పైన, కొత్తగూడెంలో ఒక వారం పైన, మిగిలిన నాలుగు రోజులు మీ అత్తగారిని తీసుకుని ముగ్గురూ కాశీ వెళ్ళండి. హైదరాబాద్ నుంచి వారణాసికి నేరుగా విమానాలున్నాయి. అత్తగారిని తెల్లవారుజామున పడవలో ఘాట్ల వెంట తీసుకెళ్ళండి, సాయంత్రం దశాశ్వమేధ ఘాట్‌లో హారతి చూపించండి. మీవారికి అన్నిటికంటే అవసరమైన ప్రయాణం ఇదేనని నాకనిపిస్తోంది. పద్నాలుగు దేశాలు తిరిగినా తీరనిది అక్కడ తీరుతుందని నేను మాటివ్వలేను. కానీ ఇండియా వెళ్ళడమంటే తిరగడం మానేయడమే అనుకుంటున్నంత కాలం ఆయన దాన్ని సెలవుల పట్టికలో ఆఖరున పెడతారు. కాశీ అన్న మాట మీ నోట వస్తే, ఇల్లూ ప్రయాణమూ ఒకే పట్టికలోకి వస్తాయి.

ఎలా మొదలుపెట్టాలో కూడా చెప్తాను. శుక్రవారం రాత్రి వద్దు, ప్రయాణం నుంచి వచ్చిన ఆదివారం అసలే వద్దు. బుధవారం సాయంత్రం, అన్నం తిన్నాక. మొదటి మాట మీ అలసట గురించి కాకుండా ఆయన నాన్నగారి గురించి అడగండి: "మామయ్యగారు కాశీ గురించి ఏమనేవారు?" ఆయన చెప్తారు. పూర్తిగా చెప్పనివ్వండి, మధ్యలో ఏమీ అనకండి. ఆ రాత్రికి అది చాలు. శనివారం పొద్దున క్యాలెండర్, మీరు రాసిన గంటల కాగితం, ఇద్దరి సెలవుల లెక్క బల్ల మీద పెట్టుకోండి. ముందు ముట్టుకోకూడని నాలుగు రోజులు పక్కన పెట్టండి, తర్వాత ఇంటికి పదమూడు గుర్తు పెట్టండి, ఆ తర్వాతే పోర్చుగల్. ఏ1 క్లాసు ఏ రోజుల్లో ఉందో అప్పుడే చూసి పేరు రాయించండి. మీరు పక్కన కూర్చుని చదివిస్తే ఆయనకీ సులువు.

కోనిగ్‌సీకి వెళ్ళే ముందు రాత్రి వంటింట్లోకి ఆయన్నే పంపండి. చింతపండు గుజ్జు మీరు వారం ముందే నూనె తేలేదాకా ఉడికించి సీసాలో పెట్టి ఉంచితే, మిగిలిన పని అన్నం ఆరబెట్టి, పోపు వేసి, కలపడమే. వేరుశెనగ గుళ్ళు మాడకుండా మాత్రం పక్కన నిలబడి చూడండి. ఉప్పు మొదటిసారి ఎక్కువే వేస్తారు, ఏమీ అనకండి.